లాభం ఎవరి జేబులోంచి వస్తుంది?

(దీపావళి బోనస్ చెల్లింపుకు ముందు సోలాపూర్‌లో జరిగిన సభ్యుల సమావేశంలో యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం. సభ్యుల కోరిక మీద ప్రచురిస్తున్నాము.)



ఈ రోజు సమావేశం బోనస్ గురించి అని మీరందరూ వచ్చారు. బోనస్ శాతం సంగతి మన అధ్యక్షుడు ఇప్పటికే చెప్పారు. నేను మాట్లాడేది ఆ బోనస్ చేతికి వచ్చిన తర్వాత సంగతి. ఇరవై ఏళ్ల కింద అయితే ఈ ప్రసంగం అవసరం ఉండేది కాదు. అప్పుడు బోనస్ పైసలు బట్టల దుకాణానికో, కిరాణా బాకీకో, బంగారం దుకాణానికో పోయేవి. ఇప్పుడు చేతిలో ఫోను ఉంది, ఫోనులో యాప్ ఉంది. పైసలు ఎటు పోతున్నాయో పక్క మాగ్ మీద పనిచేసేవాడికి కూడా తెలియడం లేదు.

నెల కింద ఒక రాత్రి, రెండో పాళీ విడిచిన తర్వాత, మన సభ్యుడొకరు ఆఫీసుకు వచ్చారు. టవల్ కార్ఖానాలో జాబర్. పేరు చెప్పను. ఆయన ఈ సభలోనే కూర్చున్నారు, తన సంగతి చెప్పమని ఆయనే అన్నారు. ఆ రాత్రి ఆయన సహాయ నిధి నుంచి 1,42,400 రూపాయలు అప్పు అడిగారు. ఇంట్లో ఎవరికైనా ఆపరేషనా అని అడిగాను. కాదన్నారు. ఫోను తీసి చూపించారు. అందులో ఆయన ఖాతాలో 7,12,000 రూపాయలు ఉన్నట్టు కనిపిస్తున్నది. "అన్నా, పైసలున్నయి. కానీ తియ్యనిస్తలేరు. ఇరవై శాతం ట్యాక్స్ ముందుగాల కడితే మొత్తం ఇడుస్తమంటున్నరు" అన్నారు.

నేను ఆ అప్పు ఇవ్వలేదు. ఎందుకు ఇవ్వలేదో చెప్పడమే ఈ ప్రసంగం.

ముందుగా ఒక మాట. ఎవరూ ఆయనను చూసి నవ్వవద్దు. నవ్వాలనుకుంటే నన్ను చూసి నవ్వండి. నేను మిల్లులో రింగ్ ఫ్రేమ్ మీద బదిలీ కార్మికుడిగా చేరాను. తొంభైలలో ఆ మిల్లు మూతపడింది. చేతికి వచ్చిన కొద్దిపాటి పైసల్లో 10,000 రూపాయలు టేకు చెట్ల కంపెనీలో పెట్టాను. ఇరవై ఏళ్లకు ఒక్కొక్క చెట్టు లక్షలు పలుకుతుందని రంగుల కాగితం మీద అచ్చేసి ఇచ్చారు. ఆ చెట్లు ఎక్కడున్నాయో నేను ఒక్కనాడూ పోయి చూడలేదు. రెండేళ్లకు ఆఫీసుకు తాళం పడింది. ఆ కాగితం ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. తెగిన పోగు ఎక్కడుందో చీకట్లో కూడా వేలితో పట్టగలిగిన నేను, నా పైసలు ఎక్కడ తెగిపోయాయో పట్టలేకపోయాను. కాబట్టి ఇది తెలివి తక్కువ వాళ్లకు జరిగే సంగతి కాదు. తెలియని పనిలోకి దిగిన ఎవరికైనా జరుగుతుంది.

మన పిల్లలు ఇప్పుడు రెండు మాటలు ఎక్కువగా అంటున్నారు. ఒకటి ఫారెక్స్ ట్రేడింగ్, రెండోది క్రిప్టో. ఈ రెండూ ఏమిటో ఒక్కొక్కటిగా చూద్దాం.

టవల్‌లో ఉన్న డాలరు

ఫారెక్స్ అంటే ఒక దేశం డబ్బు ఇచ్చి ఇంకొక దేశం డబ్బు కొనడం. ఇది మనకు దూరపు సంగతి కాదు. మనం నేసే టవల్ పరదేశం పోతుంది. సేట్‌కు దాని ధర డాలర్లలో వస్తుంది. మనకు పగార్ రూపాయల్లో ఇస్తాడు. మధ్యలో డాలరును రూపాయిగా మార్చాలి. ఆ మార్పిడి ధర రోజూ కదులుతుంది. 1991 జులైలో ప్రభుత్వం రూపాయి విలువను రెండు దఫాలుగా తగ్గించింది. 1993 మార్చి నుంచి ధరను ప్రధానంగా మార్కెట్టే నిర్ణయిస్తున్నది, అవసరమైనప్పుడు రిజర్వు బ్యాంకు జోక్యం చేసుకుంటుంది.

ఒక లెక్క చెబుతాను. సేట్‌కు 20,000 డాలర్ల ఆర్డరు వచ్చిందనుకోండి. లెక్క సులువు కోసం డాలరుకు 85 రూపాయలు అనుకుందాం. అంటే 17 లక్షలు. ఆ ధర చూసుకునే ఆయన నూలు కొన్నాడు, రంగు వేయించాడు. డబ్బు మూడు నెలల తర్వాత వస్తుంది. ఈలోగా డాలరు 83కు దిగితే చేతికి వచ్చేది 16 లక్షల 60 వేలే. 40 వేలు పోయినట్టు. అందుకని ఆయన ముందే బ్యాంకుకు పోయి, మూడు నెలల తర్వాత నా డాలర్లు ఫలానా ధరకు తీసుకోమని ఒప్పందం చేసుకుంటాడు. దీన్ని ఫార్వర్డ్ కాంట్రాక్టు అంటారు. అటువైపు పరదేశం నుంచి మాగ్‌లు తెప్పించుకునే ఇంకొక సేట్ ఉంటాడు. ఆయనకు డాలరు పెరుగుతుందేమోనని భయం. ఒకరికి దిగుతుందని భయం, ఇంకొకరికి ఎక్కుతుందని భయం. ఇద్దరి భయమూ తీర్చడానికే ఈ వ్యాపారం పుట్టింది. ఇందులో తప్పేమీ లేదు.

టవల్ లేకుండా, మాగ్ లేకుండా, డాలరు పెరుగుతుందా తగ్గుతుందా అని పందెం కట్టేవాళ్లు కూడా ఉన్నారు. ప్రపంచం మొత్తం మీద 2022 ఏప్రిల్‌లో రోజుకు 7.5 లక్షల కోట్ల డాలర్ల కరెన్సీ వ్యాపారం జరిగిందని అంతర్జాతీయ పరిష్కారాల బ్యాంకు లెక్క తీసింది. అందులో అత్యధిక భాగం పెద్ద బ్యాంకులు, పెద్ద నిధులవే. ఆ బజారులో మన బోనస్‌తో నిలబడితే అవతలి వైపు ఉండేది పగలూ రాత్రీ అదే పనిగా ఉన్న వాళ్లు.

ఇక్కడ నా ప్రశ్న ఒక్కటే. లాభం ఎవరి జేబులోంచి వస్తుంది? మాగ్ నడిస్తే బట్ట వస్తుంది, అంతకుముందు లేని విలువ పుడుతుంది. పందెంలో కొత్త విలువ ఏదీ పుట్టదు. నాకు వచ్చిన వంద ఇంకొకరికి పోయిన వంద. దాంట్లోంచి మధ్యవాడు తన కూలి తీసుకుంటాడు. కొనే ధరకు, అమ్మే ధరకు మధ్య ఎప్పుడూ కొంత తేడా ఉంటుంది. దాన్ని స్ప్రెడ్ అంటారు. మనం గెలిచినా ఓడినా ఆ తేడా మధ్యవాడిదే.

బయానా మీద పందెం

దీంట్లో అసలు ప్రమాదం లెవరేజి అనే దాంట్లో ఉంది. బయానా ఇచ్చి ఇల్లు బేరం చేసినట్టు, కొద్ది సొమ్ము కట్టి పెద్ద మొత్తానికి పందెం కాయడం ఇది. మీరు 10,000 కడతారు. యాప్‌వాడు వంద రెట్లు అంటాడు. అప్పుడు మీ పందెం 10 లక్షల మీద. డాలరు 85 రూపాయల నుంచి 85 రూపాయల 85 పైసలకు ఎక్కితే, అంటే ఒక్క శాతం ఎక్కితే, మీకు 10,000 లాభం. పైసలు రెట్టింపు! ఇదే వాళ్లు చూపిస్తారు. కానీ అదే ఒక్క శాతం దిగి 84 రూపాయల 15 పైసలైతే మీ 10,000 మొత్తం పోయింది. తర్వాత డాలరు మళ్లీ ఎక్కినా మీకు ఏమీ రాదు. ఎందుకంటే సొమ్ము అయిపోగానే యాప్‌వాడు మీ పందెం కోసేస్తాడు. కొన్ని యాప్‌లు 500 రెట్లు కూడా ఇస్తామంటాయి. అక్కడ ఒక శాతంలో అయిదో వంతు కదిలినా చాలు, బయానా పోతుంది.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 1999 నాటి ఫెమా చట్టం కింద మన దేశంలో ఉండేవాళ్లు రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్న వాళ్లతోనే, అనుమతి ఉన్న చోటనే ఫారెక్స్ లావాదేవీ చేయాలి. పరదేశీ యాప్‌కు మార్జిన్ కట్టడానికి ఇక్కడి నుంచి డబ్బు పంపడం కుదరదు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు అనుమతి లేని 34 పేర్లతో హెచ్చరిక జాబితా విడుదల చేసింది. తర్వాత ఇంకా పేర్లు చేర్చుతూ వచ్చింది. జాబితాలో పేరు లేనంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదని కూడా బ్యాంకే చెప్పింది. మన దేశపు ఎక్స్ఛేంజీలలో రూపాయి–డాలరు కాంట్రాక్టులు ఉన్నాయి. కానీ డాలరుతో నిజమైన అవసరం ఉన్నవాళ్లే అందులోకి రావాలన్న నిబంధనను 2024 మే నుంచి గట్టిగా అమలు చేస్తున్నారు. టవల్ అమ్మే సేట్‌కు ఆ అవసరం ఉంది. టవల్ నేసే మనకు లేదు.

"అన్నా, చట్టబద్ధంగా ఆడితే గెలవమా?" అని ఒక తమ్ముడు అడిగాడు. షేర్ల బజారులో ఇలాంటిదే ఫ్యూచర్స్, ఆప్షన్స్ అని ఉంది. అది పూర్తిగా చట్టబద్ధం. సెబీ సంస్థ 2024 సెప్టెంబరులో దాని లెక్క బయటపెట్టింది. 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో అందులో ఆడిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలకు పైగా. వంద మందిలో ఏడుగురే గట్టెక్కారు. మన పక్కింటి కుర్రాడి ఫోనులో కనిపించేది ఆ ఏడుగురి ముచ్చటే. మిగతా 93 మంది స్టేటస్ పెట్టరు కదా.

క్రిప్టో అంటే ఏమిటి?

ఇక రెండోది. బిట్‌కాయిన్ గురించిన మొదటి పత్రం 2008లో సతోషి నకమోతో అనే పేరుతో వచ్చింది. ఆ పేరు వెనక ఎవరున్నారో ఇప్పటికీ రుజువు కాలేదు. 2009 జనవరి 3న అది మొదలైంది. అది చేతితో పట్టుకునే నాణెం కాదు. అది ఒక లెక్కల పుస్తకం.

మన భిషీ సంగతి తీసుకోండి. ఇరవై మంది కడతారు, ఒక అక్క దగ్గర వహీ ఉంటుంది. ఎవరు ఎంత కట్టారో, ఎవరు ఎత్తుకున్నారో అందులో రాసి ఉంటుంది. ఆ అక్క మీద నమ్మకంతో భిషీ నడుస్తుంది. ఇప్పుడు ఆ వహీ ఒకరి దగ్గర కాకుండా ఇరవై మంది దగ్గరా ఒకే రకంగా ఉందనుకోండి. ఒకరు దొంగ లెక్క రాస్తే మిగతా పంతొమ్మిది వహీలతో కలవదు, వెంటనే దొరికిపోతాడు. బిట్‌కాయిన్ ఏర్పాటు ఇలాంటిదే. ప్రపంచం మీద వేల కంప్యూటర్లలో ఒకే వహీ ఉంటుంది. సుమారు పది నిమిషాలకొకసారి అందులో ఒక కొత్త పేజీ చేరుతుంది. దీన్నే బ్లాక్‌చెయిన్ అంటారు. పేజీ చేర్చడానికి కంప్యూటర్లు పెద్ద లెక్క చేయాలి, దానికి కరెంటు బాగా కాలుతుంది. ఆ పని చేసినవాళ్లకు కొత్త బిట్‌కాయిన్లు కూలిగా దొరుకుతాయి. ఆ కూలి దాదాపు నాలుగేళ్లకొకసారి సగమవుతుంది. 2024 ఏప్రిల్‌లో అది పేజీకి 3.125 బిట్‌కాయిన్లకు తగ్గింది. మొత్తం మీద 2 కోట్ల 10 లక్షలకు మించి బిట్‌కాయిన్లు రావు. ఒక బిట్‌కాయిన్‌ను పది కోట్ల ముక్కల వరకు చేయవచ్చు. అందుకని వంద రూపాయలకు కూడా ముక్క దొరుకుతుంది.

యంత్రం వరకు అది తెలివైన పనే. నేను దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ యంత్రం మంచిదైనంత మాత్రాన దాని మీద పెట్టిన పైసలకు భద్రత ఉన్నట్టు కాదు. బిట్‌కాయిన్ వెనక కార్ఖానా లేదు, భూమి లేదు, వడ్డీ కట్టే సర్కారు లేదు. మనం కొన్న ధర కంటే ఎక్కువ ఇచ్చి కొనేవాడు వస్తేనే లాభం. రాకపోతే నష్టం.

ధర ఎట్లా కదిలిందో చూడండి. 2021 నవంబరులో ఒక బిట్‌కాయిన్ సుమారు 69,000 డాలర్లు. ఏడాది తిరిగేసరికి, 2022 నవంబరులో, 16,000 కంటే కింద. అంటే డాలరు లెక్కలో లక్ష పెట్టినవాడికి దాదాపు 23 వేలు మిగిలాయి. 2024 డిసెంబరులో అదే బిట్‌కాయిన్ లక్ష డాలర్లు దాటింది. "చూశావా అన్నా, ఓపిక పట్టినవాడు గెలిచాడు" అంటారు. నిజమే. కానీ ఓపిక ఎవరు పట్టగలరు? ఇంటి కిరాయి, పిల్లల ఫీజు, తాకట్టు బంగారం మీద వడ్డీ లేనివాడు రెండేళ్లు చూస్తూ కూర్చోగలడు. మనం కూర్చోలేము. ధర అడుగంటిన రోజునే మనకు పైసల పని పడుతుంది, ఆ రోజే అమ్ముకుంటాము. నాణెం అదే, ధర అదే, కానీ ధనికుడికి దక్కిన ఫలితం మనకు దక్కదు.

అన్ని నాణేలూ బిట్‌కాయిన్‌లాగా మళ్లీ లేవవు. లూనా అనే నాణెం 2022 మే మొదట్లో 80 డాలర్లు ఉండేది. వారం పది రోజుల్లో ఒక్క సెంటు కూడా పలకని స్థితికి వచ్చింది. నాణెం బాగున్నా దాన్ని దాచిన దుకాణం మునిగిపోవచ్చు. ఎఫ్‌టీఎక్స్ అనే పెద్ద ఎక్స్ఛేంజి 2022 నవంబరులో దివాలా తీసింది. దాని అధిపతికి 2024 మార్చిలో అమెరికా కోర్టు 25 ఏళ్ల శిక్ష వేసింది. మన దేశంలో వజీర్‌ఎక్స్ ఎక్స్ఛేంజి నుంచి 2024 జులైలో 23 కోట్ల డాలర్లకు పైగా విలువైన నాణేలు దొంగల పాలయ్యాయి. ఖాతాదారులు నెలల తరబడి తమ సొమ్ము తీసుకోలేకపోయారు. బ్యాంకులో ఒక్కో ఖాతాదారుడికి 5 లక్షల వరకు డిపాజిట్ బీమా ఉంది. క్రిప్టో ఎక్స్ఛేంజిలో ఆ బీమా లేదు.

మన దేశపు నియమాలు

క్రిప్టో నిషేధమని కొందరు, సర్కారు మంజూరు చేసిందని కొందరు చెబుతారు. రెండూ సరికాదు. 2018 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు, బ్యాంకులు క్రిప్టో వ్యాపారులకు సేవలందించరాదని ఆదేశించింది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టివేసింది. 2022 బడ్జెట్‌లో లాభం మీద 30 శాతం పన్ను పెట్టారు. 2022 జులై నుంచి అమ్మకం మీద ఒక శాతం టీడీఎస్ పెట్టారు. 2023 మార్చిలో ఈ వ్యాపారులను మనీలాండరింగ్ నిరోధక చట్టం కిందికి తెచ్చారు. అప్పటి నుంచి ఎక్స్ఛేంజీలు ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ దగ్గర నమోదు కావాలి. పన్ను వేసినంత మాత్రాన సర్కారు హామీ ఇచ్చినట్టు కాదు. బిట్‌కాయిన్ ఇస్తే కిరాణా దుకాణదారు తీసుకోవాలన్న చట్టమేదీ లేదు.

పన్నులో ఒక మెలిక ఉంది. ఒక నాణెంలో 20,000 లాభం, ఇంకొక నాణెంలో 30,000 నష్టం వచ్చిందనుకోండి. మన లెక్కలో 10,000 నష్టం. పన్ను లెక్కలో ఆ నష్టాన్ని లాభంలోంచి తీసివేయనివ్వరు. 20,000 మీద 30 శాతం, అంటే 6,000 లెక్క వేస్తారు, సెస్సు వేరే.

రిజర్వు బ్యాంకు 2022 డిసెంబరు 1న సామాన్యుల కోసం ప్రయోగాత్మకంగా ప్రారంభించిన ఈ-రూపాయి వేరే. అది మన రూపాయే, ఫోనులో ఉండే రూపం. దాని విలువ పెరగదు, తరగదు. "సర్కారు డిజిటల్ రూపాయిలో పెడితే రెట్టింపు" అని ఎవరన్నా అంటే అది పచ్చి అబద్ధమని తెలుసుకోండి.

మన సోదరుడికి జరిగింది

ఇప్పటిదాకా చెప్పింది నిజమైన బజారు సంగతి. మన జాబర్ అన్న ఆ బజారు దాకా పోనేలేదు. ఆయనను మేనమామ కొడుకు ఒక వాట్సప్ గ్రూపులో చేర్చాడు. అందులో రోజూ ఎవరో ఒకరు లాభం వచ్చినట్టు ఫోటో పెట్టేవారు. ఈయన మొదట 5,000 పెట్టారు. పన్నెండు రోజుల్లో 6,800 కనిపించింది. పరీక్షగా 1,500 తీశారు. వచ్చాయి! సిద్ధేశ్వర్ యాత్ర గడ్డాలో రింగులు వేసే దుకాణం చూశారు కదా. మొదటి రింగు పడనిస్తారు. అది చూసి జనం మూగుతారు. ఆ 1,500 కూడా అలాంటిదే. ఆ తర్వాత వదినమ్మ భిషీ ఎత్తిన 40,000, బంగారం తాకట్టు పెట్టిన 90,000, సేట్ దగ్గర తీసుకున్న అడ్వాన్సు 50,000 వెళ్లాయి. మొత్తం 1,85,000. ఫోనులో కనిపించిన 7,12,000 ఎక్కడా లేవు. అది తెర మీద రాసిన అంకె.

ట్యాక్స్ ముందు కట్టాలన్న మాట దగ్గరే మోసం బయటపడింది. ఆదాయపు పన్ను సర్కారుకు కడతాము, యాప్‌వాడికి కాదు. టీడీఎస్ అయితే మనకిచ్చే సొమ్ములోంచే కోసుకుంటారు, ఎదురు కట్టమని అడగరు. నేను ఆ 1,42,400 ఇచ్చి ఉంటే తర్వాత ఇంకొక ఫీజు అడిగేవారు.

దీనికంటే బాధ కలిగించే సంగతి ఇంకొకటి ఉంది. ఆ 1,500 వచ్చిన రోజున ఆయన సంతోషంతో కార్ఖానాలో అందరికీ చెప్పారు. ఆయన మాట మీద ఇంకా పదకొండు మంది చేరారు. వాళ్లలో ఇంటి దగ్గర విడీలు చుట్టి కూడబెట్టిన ఇద్దరు అక్కల పైసలూ ఉన్నాయి. మోసగాడు వాళ్లెవరినీ చూడలేదు, వాళ్ల భాష కూడా వాడికి రాదు. మన మధ్య ఉన్న నమ్మకాన్నే వాడు తాడుగా వాడుకున్నాడు. ఆయన పదకొండు ఇళ్లకూ పోయి తప్పు ఒప్పుకున్నారు. ఫిర్యాదు చేయించారు. ఒక ఖాతాలో 38,000 బ్యాంకు ఆపగలిగింది. అది ఇంకా చేతికి రాలేదు.

ఈ మోసం పాతదే. 1920లో అమెరికాలోని బోస్టన్‌లో చార్లెస్ పోంజీ అనేవాడు 45 రోజులకు 50 శాతం ఇస్తానన్నాడు. పరదేశపు పోస్టల్ కూపన్లు కొని, దేశాల మధ్య మార్పిడి ధరల తేడాతో లాభం తీస్తానని చెప్పాడు. అంటే అదీ ఫారెక్స్ కథే. నిజానికి కొత్తవాళ్ల సొమ్ము పాతవాళ్లకు ఇచ్చాడు. కొత్తవాళ్లు రావడం తగ్గగానే కూలింది. మన మహారాష్ట్రలో గెయిన్‌బిట్‌కాయిన్ కేసు ఉంది. 18 నెలల పాటు నెలకు 10 శాతం బిట్‌కాయిన్లలోనే ఇస్తామని చెప్పి సొమ్ము సేకరించారన్నది ఆరోపణ. 2018లో పుణె పోలీసులు దాని వ్యవస్థాపకుడిని అరెస్టు చేశారు. 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు కేసులను సీబీఐకి అప్పగించింది. కూపన్ పోయి కాయిన్ వచ్చింది, లెక్క అదే.

ఏం చేయాలి?

పైసలు ఎక్కడ పెట్టినా ముందు మూడు ప్రశ్నలు అడగండి. లాభం ఎవరి జేబులోంచి వస్తుంది? నా సొమ్ము ఎవరి పేరు మీద, ఎవరి చేతిలో ఉంటుంది? రేపు అడిగితే తిరిగి వస్తుందా, రాకపోతే ఎవరి మీద ఫిర్యాదు చేయాలి? మూడింటికీ కాగితం మీద జవాబు దొరకనిచోట ఒక్క రూపాయి కూడా పెట్టవద్దు. సొమ్ము వేర్వేరు మనుషుల సొంత ఖాతాలకు యూపీఐ చేయమంటే అక్కడే ఆగిపోండి.

మోసపోయామని తెలిసిన నిమిషంలోనే 1930 నంబరుకు ఫోను చేయండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు చేయవచ్చు. ఎంత తొందరగా చెబితే డబ్బును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ. మెసేజీలు, రసీదులు చెరిపేయవద్దు. సిగ్గుపడి వారం దాచితే ఆ వారం మోసగాడికి ఇచ్చినట్టే. పోయిన పైసలు తెప్పిస్తాము, ఫీజు కట్టండి అని తర్వాత ఫోను చేసేవాడు రెండో దొంగ.

యువకులకు ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. "నీ బ్యాంకు ఖాతా నెల రోజులు వాడుకుంటాము, అయిదు వేలు ఇస్తాము" అని ఎవరన్నా అంటే ఒప్పుకోవద్దు. ఇలాంటి మోసపు సొమ్ము ఆ ఖాతాల గుండానే పోతుంది. పోలీసులు ముందు వచ్చేది ఖాతా ఎవరి పేరు మీద ఉందో వాళ్ల ఇంటికే. ముక్కూ మొహం తెలియనివాడికి క్రిప్టో అమ్మి ఖాతాలో సొమ్ము తీసుకున్నా, అది దొంగ సొమ్మయితే ఖాతా స్తంభించిపోతుంది. ఆ నెల పగార్ కూడా అందులోనే ఇరుక్కుంటుంది.

మొన్న ఒక తమ్ముడు కోపంగా అడిగాడు: "అన్నా, సేట్ షేర్లు కొంటడు, డాలర్లు కొంటడు. పేదోడు మాత్రం పోస్టాఫీసులనే ఉండాల్నా?" కోపం న్యాయమైనదే. మనకు మిగిలేదే తక్కువ కాబట్టి త్వరగా పెంచుకోవాలన్న ఆరాటం మనకే ఎక్కువ. నేను నేర్చుకోవద్దని చెప్పడం లేదు. నేర్చుకోండి. కానీ వరుస తప్పవద్దు. ముందు వడ్డీ బాకీ తీర్చండి. నెలకు మూడు శాతం వడ్డీ కట్టేవాడికి బాకీ తీర్చడమే ఏడాదికి 36 శాతం లాభం, అందులో మోసం లేదు. తర్వాత మూడు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో ఉంచండి. పీఎఫ్ ఉన్నవాళ్లు దాన్ని కదిలించవద్దు. 2024–25కు దాని మీద 8.25 శాతం వడ్డీ ప్రకటించారు. ఇవన్నీ అయిన తర్వాత, పూర్తిగా పోయినా ఇంట్లో పొయ్యి ఆగదు అనుకున్నంత సొమ్ము ఉంటే, ఇంట్లోవాళ్లకు చెప్పి, నమోదైన చోట, అప్పు చేయకుండా పెట్టుకోండి. అది మీ ఇష్టం. అప్పు తెచ్చి, తాకట్టు పెట్టి, అడ్వాన్సు తీసుకుని మాత్రం పెట్టవద్దు.

కార్యవర్గం రెండు నిర్ణయాలు చేసింది. ఒకటి, సహాయ నిధిలోని ఒక్క రూపాయి కూడా ఇలాంటి చోట పెట్టబోము, వీటి కోసం అప్పు ఇవ్వబోము. రెండు, బోనస్ వారమంతా సాయంత్రం ఆఫీసు తెరిచి ఉంటుంది. ఎవరైనా యాప్‌లో పైసలు పెట్టే ముందు ఫోను తీసుకుని రండి. అక్కడ కూర్చుని చూసేవాళ్లలో మన జాబర్ అన్న కూడా ఉంటారు. "నాకు ముందుగాల చెప్పేటోడు లేకుండె, నేను చెప్త" అని ఆయనే అడిగి మరీ ఆ పని తీసుకున్నారు.

నా పెట్టెలోని టేకు చెట్ల కాగితం కూడా తెచ్చి ఆ బల్ల మీద పెడతాను. రంగులు ఇంకా పోలేదు. వచ్చి చూడండి.

సెలవు.